బట్టలు ఉతికి చదువుకున్న శాస్త్రవేత్త - జార్జ్ వాషింగ్టన్ కార్వర్

హాస్టల్లో చదివిన మనలో వేరుశనగ చట్నీ తినని వాళ్లు ఉండరు. ఇడ్లీ పెట్టినా, ఉప్మా పెట్టినా పక్కన అదే. కొందరం పల్లీ చట్నీ అంటాం, అంతే తేడా. ఆ వేరుశనగ పేరు చెప్పగానే అమెరికాలో ప్రతి బడిపిల్లవాడికీ గుర్తొచ్చే మనిషి జార్జ్ వాషింగ్టన్ కార్వర్. జనరల్ నాలెడ్జ్ పుస్తకాల్లో ఆయన గురించి ఒకే ఒక్క వాక్యం ఉంటుంది: వేరుశనగ నుంచి 300 వస్తువులు తయారుచేసిన శాస్త్రవేత్త అని. క్విజ్ పోటీకి అది సరిపోతుంది. మనకు మాత్రం ఆయన ఆ వాక్యానికి ముందు బతికిన బతుకు ఎక్కువ అవసరం అనిపించి ఈ వ్యాసం రాస్తున్నాను.

కార్వర్ ఎప్పుడు పుట్టాడో ఎవరూ రాసిపెట్టలేదు. బానిసకు పుట్టిన బిడ్డ కదా, ఎవరు రాస్తారు? సుమారు 1864లో అని చెబుతారు. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, డైమండ్ అనే ఊరి దగ్గర మోజెస్ కార్వర్ అనే రైతు ఉండేవాడు. అతను 1855లో 700 డాలర్లు ఇచ్చి మేరీ అనే అమ్మాయిని కొనుక్కున్నాడు. అప్పటికి ఆమెకు 13 ఏళ్లు. ఆమే జార్జ్ తల్లి. తండ్రి పక్క పొలంలో బానిస. బిడ్డ పుట్టకముందో, పుట్టిన కొద్ది రోజులకో ప్రమాదంలో చనిపోయాడు. అంతర్యుద్ధం రోజుల్లో దొంగల గుంపు ఒకటి రాత్రివేళ వచ్చి తల్లినీ చంటిబిడ్డనూ ఎత్తుకుపోయింది. వెతకడానికి పంపిన మనిషికి బిడ్డ ఒక్కడే దొరికాడు. తీసుకొచ్చినందుకు మోజెస్ అతనికి ఒక పందెపు గుర్రాన్ని ఇచ్చాడు. తల్లి జాడ మళ్లీ తెలియలేదు.

బానిసత్వం రద్దయ్యాక మోజెస్, ఆయన భార్య సూసన్ ఇద్దరూ జార్జ్‌ని, అతని అన్న జిమ్‌ని తమ ఇంట్లోనే పెంచారు. జార్జ్ ఎప్పుడూ దగ్గుతో, నీరసంతో ఉండేవాడు. పొలం పని చేసే ఒంటి బలం లేదు. అందుకని సూసన్ పక్కన కూర్చుని వంట, బట్టలు ఉతకడం, కుట్లు, అల్లికలు నేర్చుకున్నాడు. ఆడవాళ్ల పనులని మనవాళ్లు నవ్వుతారు గానీ, తర్వాత ఇరవై ఏళ్లు ఆయనకు అన్నం పెట్టి చదివించింది ఆ పనులే. ఖాళీ దొరికితే అడవిలోకి పోయి మొక్కలు తెచ్చి ఎవరికీ కనపడని చోట నాటుకునేవాడు. వాడిపోయిన మొక్కను బతికిస్తాడని చుట్టుపక్కల వాళ్లు ఆ పిల్లవాడిని మొక్కల డాక్టర్ అని పిలిచేవారు.

అక్కడికి దగ్గరలో లోకస్ట్ గ్రోవ్ అని ఒక బడి ఉండేది. ఆదివారం ఆ గదిలోనే ప్రార్థన జరిగేది. ఆదివారం జార్జ్ లోపలికి వెళ్లి కూర్చోవచ్చు. సోమవారం అదే గది బడి అయ్యేసరికి నల్లపిల్లవాడని రానివ్వలేదు. అదే గుమ్మం, అవే బల్లలు. మన తాత ముత్తాతల్లో ఎందరో బడి బయట అరుగు మీద కూర్చుని పాఠం విన్నవాళ్లే. కనుక ఈ ముక్క మనకు వేరే వివరించనక్కరలేదు.

పదకొండు, పన్నెండేళ్ల వయసులో ఇల్లు వదిలి, మైళ్ల దూరంలో ఉన్న నియోషో పట్టణానికి వెళ్లాడు. అక్కడ నల్లపిల్లలకు ఒక బడి ఉంది. ఆండ్రూ, మరియా వాట్కిన్స్ అనే నల్లజాతి దంపతులు చేరదీశారు. మరియా మంత్రసాని, బట్టలు కూడా ఉతికేది. బడి విరామంలో జార్జ్ పరుగెత్తుకొచ్చి బట్టలు ఉతుకుతూ పక్కన పుస్తకం పెట్టుకుని చదివేవాడు. అప్పటిదాకా అందరూ అతన్ని కార్వర్ గారి జార్జ్ అనేవారు. ఇకనుంచి జార్జ్ కార్వర్ అని చెప్పుకోమని ఆమే నేర్పింది. నేర్చినదాన్ని తిరిగి తన జనానికి ఇవ్వాలని చెప్పింది. ఒక బైబిలు కూడా ఇచ్చింది. దాన్ని ఆయన జీవితాంతం దగ్గరే ఉంచుకున్నాడు.

ఆ తర్వాత పదేళ్లకు పైగా కాన్సస్ రాష్ట్రంలో ఊరూరా తిరుగుడే. ఒకచోట వంట, ఒకచోట ఇస్త్రీ, దొరికిన బడిలో చదువు. 1879లో ఫోర్ట్ స్కాట్ పట్టణంలో తెల్లవాళ్ల గుంపు ఒక నల్ల మనిషిని చంపడం కళ్లారా చూసి ఆ ఊరు వదిలేశాడు. మినియాపొలిస్ అనే ఊళ్లో హైస్కూలు చదువు సాగింది. అదే పేరున్న మరొకరి ఉత్తరాలు తనకు వస్తుంటే పేరు మధ్యలో డబ్ల్యూ అనే అక్షరం చేర్చుకున్నాడు. అదే వాషింగ్టన్ అయింది.

హైలాండ్ కాలేజీకి ఉత్తరం ద్వారా దరఖాస్తు పెడితే సీటు ఇచ్చారు. సంతోషంగా అక్కడికి వెళ్లి నిలబడ్డాడు. మనిషి రంగు చూసి కాదన్నారు. ఆ దెబ్బకు కొన్నేళ్లు చదువు జోలికే పోలేదు. పశ్చిమ కాన్సస్‌లో గడ్డినేల పెళ్లలతో ఇల్లు కట్టుకుని ఒంటరిగా సేద్యం చేశాడు. కాలేజీ మీద మాత్రం ఆశ చావలేదు. అయోవా రాష్ట్రంలోని వింటర్‌సెట్‌లో చర్చిలో పరిచయమైన తెల్ల దంపతులు అతని పాట విని, బొమ్మలు చూసి ప్రోత్సహించారు. 1890లో ఇండియనోలాలోని సింప్సన్ కాలేజీ అతన్ని చేర్చుకుంది. ఫీజు కట్టాక జేబులో పది సెంట్లు మిగిలాయి. మొక్కజొన్న పిండి, కాస్త పశువుల కొవ్వు కొనుక్కుని కొన్ని రోజులు గడిపాడు. తోటి విద్యార్థుల బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి నిలబడ్డాడు. చెక్కపెట్టెలే బల్లలు, కుర్చీలు. ట్రంకుపెట్టెను బల్లగా చేసుకుని పరీక్షలు రాసిన వాళ్లం కాబట్టి ఆ గది ఎలా ఉండేదో మనం ఊహించగలం.

అక్కడ కార్వర్ చేరింది చిత్రలేఖనంలో, సైన్సులో కాదు! మొక్కలనూ పువ్వులనూ అచ్చం ఉన్నట్టే గీసేవాడు. బొమ్మలు నేర్పే ఎట్టా బడ్ అనే ఉపాధ్యాయిని, నల్లవాడు చిత్రకారుడిగా బతకడం కష్టమని ఆలోచించి, ఏమ్స్‌లోని వ్యవసాయ కళాశాలకు పంపింది. ఆమె తండ్రి అక్కడ ఉద్యానశాస్త్రం ప్రొఫెసర్. 1891లో చేరిన కార్వర్ ఆ కళాశాలలో మొదటి నల్ల విద్యార్థి. మొదట్లో విద్యార్థుల భోజనశాలలో కూర్చోనివ్వక, కింద పనివాళ్లతో తినమన్నారు. ఆ సంగతి విని ఇండియనోలా నుంచి ఒక తెల్ల మహిళ రైలెక్కి వచ్చి, ఆయనతోపాటు కింద కూర్చుని భోంచేసి, రోజంతా ఆయన పక్కనే తిరిగింది. ఆ తర్వాత పరిస్థితి మెరుగైంది.

బొమ్మలు ఆపలేదు. సెడార్ రాపిడ్స్‌లో చిత్రాల ప్రదర్శనకు వెళ్లడానికి మంచి బట్టలు లేవంటే మిత్రులు బలవంతంగా దుకాణానికి తీసుకెళ్లి సూటు కొనిచ్చారు. అక్కడ ఎంపికైన యుక్కా మొక్క చిత్రం 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనకు వెళ్లి ప్రశంస పొందింది. 1894లో డిగ్రీ, 1896లో మాస్టర్ డిగ్రీ. ఆ కాలేజీలోనే మొదటి నల్లజాతి అధ్యాపకుడు కూడా ఆయనే. ఒక ప్రొఫెసర్ గారి చిన్న కొడుకును వెంటబెట్టుకుని మొక్కలు చూపిస్తూ తిరిగేవాడు. ఆ పిల్లవాడు హెన్రీ వాలెస్, 1941లో అమెరికా ఉపాధ్యక్షుడయ్యాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఏమ్స్‌లో మంచి ప్రయోగశాల ఉంది, గౌరవం ఉంది, బొమ్మలు వేసుకునే తీరిక ఉంది. అలాంటప్పుడు అలబామా నుంచి బుకర్ టి. వాషింగ్టన్ పిలుపు వచ్చింది. ఆయన 1881లో టస్కెగీలో నల్లపిల్లల కోసం బడి స్థాపించాడు. ఏడాదికి వెయ్యి డాలర్ల జీతం. చిత్రకళను దాదాపు వదులుకోవాలి. కార్వర్ దీన్ని దేవుడు తనకిచ్చిన పని అనుకుని 1896లో బయల్దేరాడు.

వెళ్లి చూస్తే ప్రయోగశాల అనేదే లేదు. విద్యార్థులతో కలిసి చెత్తకుప్పల్లో వెతికి పాత సీసాలు, డబ్బాలు, పగిలిన గిన్నెలు ఏరి పరికరాలు చేసుకున్నాడు. చుట్టూ ఏటేటా పత్తి ఒక్కటే వేసి సారం పోయిన నేల. పాలుకు చేసే నల్ల రైతులు అప్పుల్లో మునిగి ఉన్నారు. ఎరువు కొనే స్తోమత లేదు. కార్వర్ అడవిలో రాలిన ఆకులు, చిత్తడినేల మట్టి తెచ్చి పొలానికి వేయించాడు. పత్తికి బదులుగా అలసందలు, వేరుశనగ, చిలగడదుంప మార్చి మార్చి వేయమన్నాడు. అలసంద, వేరుశనగ వేర్ల బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు బలం ఇస్తాయి. పంటతో పాటు ఇంట్లో తిండీ దొరుకుతుంది. వ్యవసాయ శాస్త్రమంతా ఎంతో సులువైన మాటల్లో చిన్న పుస్తకాలుగా వేశాడు. 40కి పైగా వచ్చాయి. 1916లో వచ్చినది వేరుశనగ సాగు, దానితో 105 రకాల వంటకాల గురించి. చదువురాని వాళ్ల కోసం 1906లో గుర్రపు బండి మీద పరికరాలు, విత్తనాలు పెట్టి పల్లెలకు పంపారు. అది నడిచే బడి! కొనుక్కోలేని వాళ్ల ఇళ్లకు, గుడులకు అలబామా రంగు మట్టి నుంచి సున్నం, రంగులు తయారుచేసి చూపించాడు.

(మన అనంతపురం రైతుల కథ దీనికి తిరగేసిన కథ. కార్వర్ వేరుశనగను మార్పిడి పంటగా చెప్పాడు. మనవాళ్లు ఏళ్ల తరబడి అదొక్కటే వేసి, వాన మొహం చాటేసిన ప్రతిసారీ నష్టపోయారు. తప్పు పంటది కాదు.)

ఆయనలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. టస్కెగీలో మిగతా వాళ్లు ఒకే గదిలో ఇద్దరిద్దరు ఉంటే, తన నమూనాల కోసం తనొక్కడికే రెండు గదులు కావాలన్నాడు. తోటివాళ్లకు కోపం వచ్చింది. కోళ్ల ఫారం లెక్కలు సరిగా లేవని విచారణ జరిగింది. కాగితం పని చేతకాదని బుకర్ టి. వాషింగ్టన్ చివాట్లు పెట్టాడు. కార్వర్ ఎన్నోసార్లు రాజీనామా బెదిరింపులు చేశాడు. ఇద్దరూ పెద్దవాళ్లే, ఇద్దరిదీ న్యాయమే అనిపిస్తుంది నాకు.

1907 నుంచి ఆదివారం సాయంత్రాలు విద్యార్థులకు బైబిలు తరగతి నడిపాడు. ఎవరినీ రమ్మని నిర్బంధం లేదు. అయినా గది నిండేది. ఆకు, రాయి, పురుగు ఏదో ఒకటి చేతిలో పట్టుకుని అందులోంచే దేవుడి సంగతి మొదలుపెట్టేవాడు. ఇలా సుమారు ముప్పై ఏళ్లు సాగింది. తెల్లవారుజామునే లేచి అడవిలో ఒంటరిగా తిరిగి ప్రార్థన చేసుకుని, ఆ తర్వాతే ప్రయోగశాలకు వచ్చేవాడు. కోటు గుండీకి రోజూ ఒక పువ్వు ఉండేది. కోటు మాత్రం ఎన్నేళ్లదో.

1921లో దిగుమతి సుంకం విషయమై అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు మాట్లాడే అవకాశం వచ్చింది. ఇచ్చిన సమయం పది నిమిషాలు. ఒక సభ్యుడు మొదట్లోనే జాతిని వెక్కిరించాడు. కార్వర్ పట్టించుకోకుండా సంచిలోంచి ఒక్కో వేరుశనగ వస్తువూ తీసి చూపిస్తుంటే, సభ్యులే సమయం పెంచి వినసాగారు. దాంతో దేశమంతా పేరు వచ్చింది. 1923లో స్పింగార్న్ పతకం లభించింది.

పేరు వచ్చాక పరీక్ష వచ్చింది. 1924లో న్యూయార్క్‌లో ఒక చర్చిలో మాట్లాడుతూ, తాను ప్రయోగశాలలోకి పుస్తకాలు తీసుకెళ్లననీ, చేయవలసింది దేవుడే తెలియజేస్తాడనీ అన్నాడు. న్యూయార్క్ టైమ్స్ పత్రిక సంపాదకీయం రాసి, శాస్త్రవేత్తలు ఇలా మాట్లాడరని, దీనివల్ల ఆయన జాతికీ, ఆయన పనిచేసే సంస్థకూ చెడ్డపేరని విమర్శించింది. కార్వర్ చాలా నొచ్చుకున్నాడు. తాను చదివిన చదువు, పుస్తకాలు, గురువుల పేర్లు వివరంగా రాసి జవాబు పంపాడు. కష్టపడి చదివినవాడికే ఆ తెలివి అందుతుందని ఆయన భావం. సోమరితనానికి భక్తి ముసుగు వేయడం ఆయన జీవితంలో ఎక్కడా కనిపించదు.

అలాగని ఆయన మీద అల్లిన కథలన్నీ నమ్మనక్కరలేదు. వేరుశనగ వెన్న ఆయన కనిపెట్టాడంటారు. అది ఆయనకు ముందే ఉంది. 300 వస్తువుల్లో చాలావాటికి తయారీ విధానం రాసిపెట్టలేదు. మార్కెట్లో నిలిచినవి బహు తక్కువ. పేటెంట్లు మూడే తీసుకున్నాడు. పోలియో పిల్లలకు వేరుశనగ నూనెతో మర్దన చేసి గుణం వచ్చిందనుకున్నాడు. వచ్చిన మేలు నూనెది కాదు, మర్దనదే అంటారు. అసలు గొప్పతనం ఎండిన నేలను తిరిగి పండించడంలో, ఆ విద్యను చిల్లిగవ్వ లేని రైతు దాకా చేర్చడంలో ఉందని నా ఉద్దేశం. గాంధీజీ మిత్రుడు సి.ఎఫ్. ఆండ్రూస్ 1929లో టస్కెగీ వచ్చినప్పుడు పరిచయమై, ఆ తర్వాత కార్వర్ గాంధీజీకి శాకాహారం గురించి సలహాలు పంపాడు.

పెళ్లి చేసుకోలేదు. పేద విద్యార్థులకు డబ్బు సాయం చేస్తూ, వెళ్లిపోయినవాళ్లకు ఉత్తరాలు రాస్తూ గడిపాడు. దాచుకున్న సుమారు 60,000 డాలర్లు టస్కెగీలో పరిశోధనల కోసం పెట్టిన నిధికే పోయాయి. 1943 జనవరి 5న కన్నుమూశాడు. బుకర్ టి. వాషింగ్టన్ సమాధి పక్కనే ఆయన సమాధి. 1947లో టస్కెగీలోని మ్యూజియం అగ్నిప్రమాదంలో ఆయన గీసిన చిత్రాలు చాలా కాలిపోయాయి.

ఆయన పుట్టిన మోజెస్ కార్వర్ పొలాన్ని 1943 జూలైలోనే జాతీయ స్మారకంగా ప్రకటించారు. అమెరికాలో ఒక నల్లజాతి మనిషి పేరిట అలాంటి స్మారకం ఏర్పడటం అదే మొదలు. చెట్ల మధ్య కాలిబాట వెంట నడిస్తే ఒక బండరాయి మీద కూర్చున్న కుర్రవాడి విగ్రహం కనిపిస్తుంది. చేతిలో ఒక చిన్న మొక్క ఉంటుంది.