బజారులో అమానతు : వర్తకుడుగా హజ్రత్ ఇమామ్ అబూ హనీఫా (రహ్మ)

మన గుంటూరు, ప్రకాశం ప్రాంతపు ముస్లిములలో చాలామంది నమాజు, నికాహ్, వారసత్వం వంటి విషయాలన్నింటిలో హజ్రత్ ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) చూపిన దారిలోనే నడుస్తారు. ఆయనను ఇమామె ఆజం అని గౌరవంగా తలుచుకుంటాం. అయితే ఆ మహానుభావుడు బట్టల వ్యాపారి అన్న సంగతి మనలో ఎందరికి గుర్తుంటుంది? ఆయన చేత్తో గజం బద్ద పట్టినవాడు, బేరాలాడినవాడు, అరువులిచ్చినవాడు. మన సంఘ సభ్యులలో మిర్చి కమీషన్ వాళ్లున్నారు, పత్తి కొనేవాళ్లున్నారు, బట్టల కొట్లవాళ్లు, ఎరువులు, పురుగుమందులు అమ్మేవాళ్లు, గుమాస్తాలు, ముఠా కార్మికులు ఉన్నారు. అందుచేత ఈ సంచికలో ఆయన పాండిత్యాన్ని పెద్దలకు వదిలి, ఆయన కొట్టు సంగతి చెప్పుకోవాలని సంకల్పించాం.

ఇమామ్ గారి అసలు పేరు నూమాన్, తండ్రి పేరు సాబిత్. హిజ్రీ 80లో, అనగా క్రీ.శ. 699లో, ఇరాక్‌లోని కూఫా పట్టణంలో పుట్టారు. తాతగారు కాబూల్ ప్రాంతం నుంచి వచ్చినవారని చరిత్రకారులు చెప్తారు. కూఫా అప్పటికి పాత ఊరేమీ కాదు. హజ్రత్ ఉమర్ (ర) ఖలీఫాగా ఉండగా క్రీ.శ. 638 ప్రాంతంలో సైన్యం విడిదిగా యూఫ్రటీస్ ఒడ్డున వెలిసి, రెండు తరాలు తిరక్కముందే పెద్ద బజారు అయ్యింది. అరబ్బులు, పారశీకులు, ఇంకా నానా జాతులవారు అక్కడ కొనేవారు, అమ్మేవారు. ఒకరి భాష ఒకరికి సరిగా రాదు, ఒకరి వంశం ఒకరికి తెలియదు. అలాంటి చోట మనిషికి మాటే పూచీ.

ఆయన అమ్మింది ఖజ్ అనే బట్ట. పట్టు, ఉన్ని కలిపి నేసే ఖరీదైన సరుకది. ఎక్కడ పోగు తెగిందో, ఎక్కడ నేత పలచబడిందో నేసినవాడికి, అమ్మేవాడికి తెలుస్తుంది గానీ కొనేవాడి కంటికి ఆనదు. ఇమామ్ గారి వ్యాపార జీవితమంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరిగిందని మాకు తోస్తుంది. ఎదుటివాడికి కనిపించని చోట మనమేం చేస్తామన్నదే నమ్మకానికి పరీక్ష. కనిపించే చోట అందరూ మంచివాళ్లే.

కుర్రతనంలో ఆయన రోజూ బజారుకే వెళ్లేవారు. ఒకనాడు షాబీ అనే పెద్ద పండితుడు ఆ కుర్రవాడి చురుకుదనం చూసి, పండితుల దగ్గర కూర్చోమని హితవు చెప్పారట. ఆ మాట పట్టుకుని నూమాన్ గారు చదువులో దిగి, చివరకు హమ్మాద్ అనే గురువు గారి దగ్గర 18 ఏళ్లు గడిపారు. హిజ్రీ 120లో గురువు గారు పోయాక ఆ పీఠం ఈయనకే దక్కింది. ఇంత జరిగినా కొట్టు మాత్రం మూయలేదు. యజమాని మసీదులో పాఠం చెబుతుంటే బజారులో భాగస్వాములు, పనివాళ్లు వ్యాపారం నడిపేవారు. అంటే ఆయన పేరు మీద ఇతరులు మాట ఇచ్చేవారన్నమాట. యజమాని గల్లాపెట్టె దగ్గర కూర్చుని నిజాయితీగా ఉండడం ఒక ఎత్తు. ఆయన లేనప్పుడు కూడా ఆ కొట్టు నిజాయితీగా ఉండడం మరో ఎత్తు.

ఈ రెండోది ఎంత కష్టమో తెలిపే వృత్తాంతం ఒకటి ప్రసిద్ధంగా ఉంది. హఫ్స్ అనే భాగస్వామికి ఇమామ్ గారు సరుకు అప్పగిస్తూ, అందులో ఒక బట్టలో లోపముంది, కొనేవాడికి అది చూపించి మరీ అమ్మమని చెప్పారు. హఫ్స్ సరుకంతా అమ్మాడు గానీ లోపం మాట చెప్పడం మరిచిపోయాడు. ఎవరికి అమ్మిందీ గుర్తు లేదు. సంగతి తెలిసి ఇమామ్ గారు ఆ సరుకు మీద వచ్చిన సొమ్ము మొత్తం దానం చేసేశారు. ఒక్క బట్ట ధర కాదు, మొత్తం. కొన్నవాడు తిరిగి రాలేదు, గొడవ చేయలేదు, అసలు వాడికి లోపం ఉన్నట్టే తెలియదు. తప్పు భాగస్వామిదని చేతులు దులుపుకోవచ్చు. కానీ కొట్టు పేరు మీద జరిగిన తప్పు తనదేనని ఆయన లెక్క. ఇలాంటి యజమాని దగ్గర పనిచేసేవాడికి వేరే నీతిబోధ అవసరమా? లోపం దాచి అమ్మిన సొమ్ము ఈ కొట్టులో లాభం కాదని వాడికి ఆ రోజే తెలిసిపోతుంది. గుమాస్తా అబద్ధమాడితే తిట్టి, ఆ అబద్ధం వల్ల వచ్చిన డబ్బు మాత్రం గల్లాలో వేసుకునే యజమాని దగ్గర గుమాస్తా ఏం నేర్చుకుంటాడో వేరే చెప్పాలా!

కొనేటప్పుడు కూడా ఆయన అంతే. ఒక స్త్రీ పట్టుబట్ట తెచ్చి నూరు దిర్హములకు అమ్ముతానంది. దిర్హము అంటే వెండి నాణెం. దీని విలువ ఇంకా ఎక్కువేనన్నారు ఇమామ్ గారు. ఆమె నూరు నూరు చొప్పున పెంచుకుంటూ నాలుగు వందల దాకా వచ్చింది. ఇంకా ఎక్కువే అనేసరికి తనను ఎగతాళి చేస్తున్నారేమోనని ఆమెకు అనుమానం వచ్చింది. అప్పుడాయన ధర కట్టేందుకు ఇంకొకరిని పిలుచుకురమ్మన్నారు. చివరకు ఆ బట్ట ఐదు వందలకు కొన్నారు. ధర తెలియని మనిషి మన గుమ్మం ఎక్కితే అది మన అదృష్టమని మనం అనుకుంటాం. అది మన మీద పడ్డ బాధ్యత అని ఆయన అనుకున్నారు.

మరో ముసలమ్మ వచ్చి, నాకు ధరలు తెలియవు, నీకు పడిన ధరకే ఒక బట్ట ఇవ్వమని అడిగింది. నాలుగు దిర్హములిచ్చి తీసుకోమన్నారు. ముసలిదాన్ని ఆట పట్టిస్తావా అని ఆమె నొచ్చుకుంది. అప్పుడాయన లెక్క విప్పి చెప్పారు. రెండు బట్టలు కలిపి కొన్నారట. ఒకటి అమ్మితే మొత్తం పెట్టుబడిలో నాలుగు దిర్హములు తప్ప అంతా వచ్చేసింది. కాబట్టి రెండోది తనకు పడింది నాలుగుకే.

ఈ కథ వెనుక ఒక న్యాయసూత్రం ఉంది. నాకు ఇంత పడింది, దాని మీద ఇంత లాభం అని చెప్పి అమ్మే బేరాన్ని మురాబహా అంటారు. ఇక్కడ కొనేవాడు సరుకును కాదు, అమ్మేవాడి మాటను నమ్మి డబ్బిస్తాడు. అందుకే దీన్ని అమానతు బేరాలలో చేర్చారు. పడిన ధర అబద్ధమని తేలితే సరుకు తిరిగి ఇచ్చేసే హక్కు కొన్నవాడికి ఉందని హనఫీ ధర్మశాస్త్రం చెబుతుంది. అలాగే చూడకుండా కొన్న సరుకును చూశాక వద్దనే హక్కు, లోపం బయటపడితే వాపసు చేసే హక్కు కూడా ఉన్నాయి. పంట రాకముందే డబ్బిచ్చి కొనే బేరానికి సలమ్ అని పేరు. అందులో రకం, నాణ్యత, తూకం, గడువు, అప్పగించే చోటు అన్నీ ముందే తేల్చుకోవాలి. చేలో పంట ఉండగానే అడ్వాన్సులిచ్చే మన పత్తి ప్రాంతంలో ఈ మాట ఎంత పనికొస్తుందో రైతును అడిగితే చెప్తాడు. కోత కోశాక కొత్త షరతులు పుట్టుకురావడమే గదా తగాదాలకు మూలం!

అరువు విషయంలో ఆయన నడవడి ఇంకా ఆశ్చర్యం. పదివేల దిర్హములు బాకీ ఉన్న మనిషి ఒకడు దారిలో ఇమామ్ గారిని చూసి సిగ్గుతో తప్పుకోబోతే, ఆయనే పిలిచి మాట్లాడి, బాకీ వదిలేసి, తన వల్ల అతని మనసుకు కలిగిన కష్టానికి తిరిగి తానే క్షమాపణ అడిగారని చెప్తారు. ఇంకొకసారి మండుటెండలో నిలబడి కూడా ఒక ఇంటి గోడ నీడలోకి వెళ్లలేదట. ఆ ఇంటాయన తనకు బాకీ. బాకీదారుడి నుంచి పొందే ఏ లాభమైనా వడ్డీ అవుతుందేమోనని ఆయన భయం.

ఇక మన నేల సంగతి. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో తెల్లదోమ, కాయతొలిచే పురుగు పత్తిని తినేశాయి. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు, అప్పు మాత్రం పెరిగింది. చాలా ఊళ్లలో మందు అరువిచ్చేవాడే ఏ మందు కొట్టాలో సలహా చెప్పేవాడు, పంట కొనేవాడూ వాడే. ఆ ఏడు ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అందరు దుకాణదారులూ చెడ్డవాళ్లని మేం అనడం లేదు. కానీ అప్పిచ్చినవాడి మాటే రైతుకు దిక్కయినప్పుడు, ఈ మందు ఇక పనిచేయదు, కొనొద్దు అని చెప్పగల వర్తకుడు ఎంత పుణ్యాత్ముడు! వాడు పోగొట్టుకునేది ఒక డబ్బా అమ్మకం. నిలబెట్టేది ఒక సంసారం.

పనివాళ్ల మాటకు వద్దాం. ఇమామ్ గారి శిష్యులలో యాఖూబ్ అనే బీద కుర్రవాడుండేవాడు. ఇంటివాళ్లు చదువు మాన్పించి కూలికి పంపాలనుకున్నారు. సంగతి తెలిసి ఇమామ్ గారు డబ్బు సంచి చేతిలో పెట్టి, అయిపోయాక మళ్లీ చెప్పమన్నారు. అడగకముందే మళ్లీ ఇచ్చేవారట. ఆ కుర్రవాడే తర్వాత ఇమామ్ అబూ యూసుఫ్‌గా, హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీగా లోకానికి తెలిశాడు. ఇందులో దానం కంటే పెద్ద విషయం ఇంకొకటుంది. తాను సాకిన శిష్యుడు తనతోనే విభేదించినా ఇమామ్ గారు అడ్డు చెప్పలేదు. పంటలో భాగానికి భూమిని సాగుకివ్వడం చెల్లదని ఇమామ్ గారి అభిప్రాయం. పండని పంటలో వాటా అంటే కష్టించేవాడికి ఎంత వస్తుందో తెలియదని ఆయన వాదం. అబూ యూసుఫ్, ముహమ్మద్ అనే శిష్యులిద్దరూ చెల్లుతుందన్నారు. హనఫీలు ఆచరణలో ఈ శిష్యుల మాటే తీసుకున్నారు, గురువు గౌరవం వెంట్రుకవాసి తగ్గలేదు. మన దుకాణాల్లో గుమాస్తా నోరు విప్పి, అయ్యా, ఈ లెక్క తప్పు అనగలుగుతున్నాడా? అనలేకపోతే అక్కడ ఉన్నది భయమే, నమ్మకం కాదు.

ఇంత పేరున్న మనిషి మీద పాలకుల కన్ను పడకుండా ఉంటుందా? ఉమయ్యద్ పాలన చివరి రోజుల్లో ఇరాక్ గవర్నరు ఇబ్న్ హుబైరా పదవి ఇస్తానంటే కాదన్నారు, కొరడా దెబ్బలు తిన్నారు. తర్వాత అబ్బాసీ ఖలీఫా మన్సూర్ బాగ్దాదు పిలిపించి ఖాజీ పదవి ఇవ్వజూపాడు. నేను తగనన్నారు. అబద్ధమాడుతున్నావన్నాడు ఖలీఫా. అబద్ధాలకోరు న్యాయపీఠానికి అసలే తగడు గదా అన్నది ఇమామ్ గారి జవాబు. చివరకు ఖైదు పాలై, హిజ్రీ 150లో, అనగా క్రీ.శ. 767లో, కన్నుమూశారు. ఆయన సమాధి ఉన్న బాగ్దాదు పేటను ఆయన బిరుదు మీదుగానే నేటికీ ఆజమియా అని పిలుస్తారు. పాలకుల జీతం మీద ఆధారపడనవసరం లేకుండా ఆయనను నిలబెట్టింది ఆ బట్టల కొట్టే. హలాలు సంపాదన మనిషికి వెన్నెముక ఇస్తుందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఆయన కూడా కొత్త దారి తొక్కలేదు. ప్రవక్త ముహమ్మద్ (స) హజ్రత్ ఖదీజా (ర) సరుకుతో వర్తకానికి వెళ్లిన రోజుల్లోనే మక్కా ప్రజలు ఆయనను అమీన్ అన్నారు. ఆ దారినే ఇమామ్ గారు కూఫా బజారులో నడిచారు.

మన దగ్గరా ఈ విద్య తెలియనిది కాదు. మన దూదేకుల సోదరులు తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టారు. గుడ్డ కుట్టేశాక లోపల కొత్త దూది ఉందో పాతది ఉందో ఎవరు చూస్తారు? అయినా ఇంటింటా పిలిచి పని ఇచ్చారంటే ఆ కనిపించని చోట వాళ్లు నిలబెట్టుకున్న మాటే కారణం. దీనికి వ్యతిరేకమూ చూశాం. 2003లో ఫ్రాన్స్‌లో, మన దేశం నుంచి వెళ్లిన కారంలో సుడాన్ అనే రంగు దొరికింది. మైనానికీ పాలిషుకూ వేసే రంగది, తినేది కాదు. అప్పటినుంచి పరీక్ష కాగితం లేనిదే యూరప్ దేశాలు మన కారం దించుకోలేదు. కల్తీ చేసింది కొందరు, పరీక్షల ఖర్చూ ఆలస్యమూ భరించింది అందరూ. రంగు కలపని వర్తకుడు, కల్లంలో కాయ ఆరబోసిన రైతు, తొడిమలు తీసే కూలితల్లి కూడా అందులో ఉన్నారు. ఒకడి అబద్ధానికి ఊరంతా తరుగు కట్టాల్సి వచ్చింది.

కాబట్టి సోదరులారా, ఈ మహనీయుడి పేరు తలిచి ఊరుకుంటే చాలదు. మిర్చి టిక్కీలో పైన మంచి కాయ, లోపల తాలు కాయ పెట్టొద్దు. మచ్చు ఎలా ఉందో సరుకంతా అలాగే ఉండాలి. పత్తికి నీళ్లు చల్లిన తూకం మనకొద్దు. కాటా రైతు కళ్ల ముందు తేలాలి. లోపముంటే అడగకముందే చెబుదాం. పనివాడి కూలి వాడి చెమట ఆరకముందే ఇద్దాం. వాడి పొరపాటుకు మనమూ భాగం పంచుకుందాం. నష్టం వస్తుందా? ఒక్కోసారి వస్తుంది, ఇమామ్ గారికీ వచ్చింది. ఆ నష్టాన్ని ఆయన తెలిసి ఒప్పుకున్నారు గనుకనే పన్నెండు వందల ఏళ్లు దాటినా ఒక బట్టల వర్తకుడి మాట మీద కోట్లాది జనం నడుస్తున్నారు. అల్లాహ్ మన సంపాదనల్లో బర్కతు, మన మాటల్లో నిజం ప్రసాదించుగాక, ఆమీన్.