పన్నెండు డాలర్ల డ్రాఫ్ట్స్‌మన్

ట్రిపుల్ ఈ వాళ్ళు స్టైన్‌మెట్జ్ పేరు వినే ఉంటారు. మెషీన్స్ పుస్తకంలో హిస్టరిసిస్ లాస్ దగ్గర బి-మ్యాక్స్ మీద 1.6 అని ఒక వింత ఘాతం ఉంటుంది చూడండి. రెండు కాదు, ఒకటిన్నరా కాదు. అది ఈయనదే. పరీక్ష ముందు రోజు రాత్రి బట్టీ పట్టి, పేపర్ ఇచ్చేశాక మర్చిపోయే అంకె. ఆ అంకె తేల్చిన మనిషి అమెరికా రేవులో దిగిన రోజు, ఈయన్ని లోపలికి రానివ్వాలా, వెనక్కి పంపేయాలా అని అక్కడి అధికారులు తటపటాయించారన్న సంగతి మాత్రం మన సిలబస్‌లో లేదు.

1865 ఏప్రిల్ 9న బ్రెస్లావ్‌లో పుట్టాడు. అప్పుడది ప్రష్యా, ఇప్పుడు పోలండ్. తాతకీ తండ్రికీ ఉన్న గూని ఈయనకీ వచ్చింది. నిలబడితే నాలుగడుగుల పైన ఏదో కొంచెం ఎత్తు. ఏడాది పిల్లాడప్పుడే తల్లి పోతే నాయనమ్మ పెంచింది. లెక్కల్లో మాత్రం గట్టివాడు. యూనివర్సిటీలో తోటివాళ్ళు ప్రోటియస్ అని పేరు పెట్టారు. గ్రీకు కథల్లో పట్టుకోబోతే రూపాలు మార్చేసే ఒక సముద్ర దేవుడి పేరు అది. ఆ పేరు ఆయనకి నచ్చింది. ఎంత నచ్చిందో తర్వాత చూద్దాం.

జర్మనీలో బిస్మార్క్ 1878లో సోషలిస్టుల మీద నిషేధ చట్టం తెచ్చాడు. మనవాడు చదువుతో ఊరుకోకుండా సోషలిస్టు పత్రిక పనిలో దూరాడు. పోలీసుల కన్ను పడింది. 1888లో, డాక్టరేట్ దాదాపు చేతికొచ్చే సమయంలో, అరెస్టు తప్పించుకోడానికి స్విట్జర్లాండ్ పారిపోయాడు. పట్టా రాలేదు, సొంత ఊరికి మళ్ళీ వెళ్ళే దారీ లేదు. ఆలోచిస్తే, ఇది మనం అనుకునే విదేశీ ప్రయాణం కాదు. మన సీనియర్లు అడ్మిట్ చేతిలో పట్టుకుని, ఎయిర్‌పోర్టులో ఫొటోలు దిగి వెళ్తారు. ఈయన చెప్పాపెట్టకుండా వెళ్ళాడు.

జ్యూరిక్ పాలిటెక్నిక్‌లో ఆస్కార్ అస్ముసెన్ అనే కుర్రాడు రూమ్మేట్‌గా దొరికాడు. అస్ముసెన్ అమెరికా వెళ్తూ నువ్వూ రమ్మన్నాడు. స్టైన్‌మెట్జ్ దగ్గర టికెట్టుకి కూడా డబ్బుల్లేవు. అస్ముసెనే పెట్టుకున్నాడు. ఇద్దరూ ఓడలో అన్నిటికన్నా చవకైన అడుగు తరగతిలో ప్రయాణం చేసి 1889 జూన్‌లో న్యూయార్క్ చేరారు.

అప్పటికి ఎల్లిస్ ఐలాండ్ ఇంకా తెరవలేదు. వలస వచ్చినవాళ్ళని కాజిల్ గార్డెన్ అనే చోట తనిఖీ చేసేవారు. 1882 నాటి చట్టం ప్రకారం, తన పోషణ తాను చూసుకోలేక ప్రభుత్వానికి భారం అవుతాడనిపించిన మనిషిని దింపుకోనక్కర్లేదు. ఇప్పుడు ఆ అధికారి కళ్ళతో చూడండి. ఎదురుగా గూని ఉన్న పొట్టి మనిషి, ఇంగ్లీషు రాదు, జేబులో చిల్లిగవ్వ లేదు, ఉద్యోగం లేదు. చట్టం రాసినవాళ్ళు సరిగ్గా ఇలాంటివాళ్ళనే మనసులో పెట్టుకుని రాశారు. అస్ముసెన్ కలగజేసుకుని, తన దగ్గరున్న డబ్బు తమ ఇద్దరిదీ అని చూపించి, ఇతని బాధ్యత నాదని పూచీ పడ్డాడు. అప్పుడు వదిలారు. చెప్పింది పూర్తి నిజమా అంటే కాదు. కానీ ఆ ఒక్క అబద్ధం లేకపోతే మన పుస్తకంలో ఆ అంకె పక్కన ఇంకెవరి పేరుండేదో! స్టైన్‌మెట్జ్ మీద పుస్తకాలున్నాయి. ఈ అస్ముసెన్ మీద ఎవరూ రాసినట్టు లేదు. నాకు ఈ కథలో ఎక్కువ నచ్చింది అతనే.

తర్వాత ఉద్యోగ వేట. ఎడిసన్ కంపెనీ వాళ్ళ దగ్గరికి వెళ్తే పని లేదని పంపేశారు. చేతిలో ఇంకో పరిచయ ఉత్తరం ఉంది, ఇప్పటి మన భాషలో రిఫరల్ అన్నమాట. అది పట్టుకుని యాంకర్స్ అనే ఊళ్ళో రుడాల్ఫ్ ఐకమేయర్ ఫ్యాక్టరీకి వెళ్ళాడు. టోపీలు చేసే యంత్రాలు ఆ ఫ్యాక్టరీ అసలు వ్యాపారం, ఆ మధ్యనే కరెంటు మోటార్ల మీదికి దృష్టి మళ్ళింది. ఐకమేయర్ కూడా జర్మనీలో 1848 తిరుగుబాటు అణిగిపోయాక అమెరికా వచ్చేసినవాడే. ఇంగ్లీషు అడ్డం లేకుండా ఇద్దరూ జర్మన్‌లోనే మాట్లాడుకున్నారు. వారానికి 12 డాలర్ల మీద డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం వచ్చింది. డాక్టరేట్ అంచు దాకా వెళ్ళిన మనిషికి బొమ్మలు గీసే పని. ఆయన చేరిపోయాడు.

పేరు కూడా అమెరికా పద్ధతిలో మార్చుకున్నాడు. కార్ల్ కాస్తా చార్లెస్ అయ్యాడు. మధ్య పేరుగా ప్రోటియస్ పెట్టుకున్నాడు. అన్నీ వదిలి వచ్చినవాడు కాలేజీలో పెట్టిన నిక్‌నేమ్‌ని మాత్రం వెంట తెచ్చుకున్నాడు.

ఐకమేయర్‌కి మనిషి విలువ తొందరగానే తెలిసింది. బొమ్మల బల్ల నుంచి లేపి, పరిశోధన చేసుకోమని వసతి ఇచ్చాడు. ఆ రోజుల్లో మోటార్ తయారుచేస్తే ఇనుప కోర్ ఎంత వేడెక్కుతుందో కట్టి చూస్తే తప్ప తెలిసేది కాదు. బాగా వేడెక్కిందా, విప్పి మళ్ళీ కట్టడమే. అయస్కాంతీకరణ దిశ మారిన ప్రతిసారీ ఇనుములో ఎంత శక్తి వృథా అవుతుందో స్టైన్‌మెట్జ్ కొలతల్లోంచి లెక్క లాగాడు. నష్టం ఫ్లక్స్ డెన్సిటీ 1.6 ఘాతం మేరకు పెరుగుతోంది. సిద్ధాంతం నుంచి పుట్టింది కాదు కాబట్టే అంత వింతగా ఉంటుంది, కొలిస్తే వచ్చింది. 1892 జనవరిలో అమెరికన్ ఎలక్ట్రికల్ ఇంజినీర్ల సంస్థలో దాని మీద పేపర్ చదివాడు. దిగి మూడేళ్ళు కూడా కాలేదు.

అదే 1892లో ఎడిసన్ కంపెనీ, థామ్సన్-హ్యూస్టన్ కలిసి జనరల్ ఎలక్ట్రిక్ అయ్యాయి. ఆ జీఈ వాళ్ళు ఐకమేయర్ వ్యాపారాన్ని కొనేశారు, దాంతోపాటు స్టైన్‌మెట్జ్ కూడా వాళ్ళ దగ్గరికి చేరాడు. మూడేళ్ళ కిందట పని లేదన్న కంపెనీ వారసులే! 1893లో షికాగోలో జరిగిన ఎలక్ట్రికల్ కాంగ్రెస్‌లో ఏసీ సర్క్యూట్లని కాంప్లెక్స్ నంబర్లతో ఎలా సాధించాలో చూపించాడు. మనం జె వేసి గబగబా చేసేసే లెక్కల కోసం అంతకుముందు డిఫరెన్షియల్ ఈక్వేషన్లతో కుస్తీ పట్టేవారు. తర్వాత అంతా స్కెనెక్టడీ ఊళ్ళోనే. జీఈలో ఉద్యోగం, యూనియన్ కాలేజీలో ప్రొఫెసర్ పదవి, రెండొందల దాకా పేటెంట్లు. పాడైన మెషీన్ మీద సుద్దముక్కతో గీత గీసి పదివేల డాలర్ల బిల్లు వేశాడని వాట్సాప్‌లో తిరిగే కథ ఈయన పేరు మీదే ఉంది. నిజమో కాదో ఎవరూ తేల్చలేదు, నేనైతే నమ్మను.

సోషలిజం వదల్లేదు. స్కెనెక్టడీలో సోషలిస్టు మేయర్ గెలిచినప్పుడు అక్కడి స్కూల్ బోర్డుకి అధ్యక్షుడయ్యాడు. వలస వచ్చిన కుటుంబాల పిల్లలకి విడిగా తరగతులు పెట్టించాడు.

గూని ఇంకో తరానికి అంటకూడదని పెళ్ళి చేసుకోలేదు. తన దగ్గర పనిచేసే జోసెఫ్ హేడెన్‌ని దత్తత తీసుకున్నాడు. హేడెన్ దంపతులు వాళ్ళ ముగ్గురు పిల్లలతో ఆయన ఇంట్లోనే ఉండేవారు. ఆ ఇంట్లో కాక్టస్ మొక్కలుండేవి, మొసలి జాతి ఎలిగేటర్లుండేవి, ఎప్పుడూ చుట్ట వెలుగుతూ ఉండే ఒక తాతయ్య ఉండేవాడు. 1923 అక్టోబర్ 26న ఆ ఇంట్లోనే కన్నుమూశాడు, యాభై ఎనిమిదేళ్ళ వయసులో.