కాయితం లేనోళ్లకు కాయితం ఇచ్చిన నాన్సెన్

ఆధార్‌ల పుట్టిన తారీఖు ఒక్క అంకె తప్పు పడితేనే మండలాఫీసు చుట్టు ఎన్ని దినాలు తిరగాల్నో మనకెరుకే. గట్లాంటిది, ఒక పొద్దు లేచేసరికి నీ దేశమే నువ్వు మావోనివి కాదన్నదనుకో. ఏ ఆఫీసుకు పోతవ్? 1921 డిసెంబర్ల రష్యా విడిచి బయటున్న లక్షల మందికి గదే అయింది. బోల్షెవిక్ సర్కారు ఒక్క హుకుంతోని వాళ్ల పౌరసత్వం తీసేసింది. వాళ్లకు దారి చూపిన మనిషి ఫ్రిట్యోఫ్ నాన్సెన్. శరణార్థి అన్న మాట వినంగనే అసలా నకిలీనా అని ఫోన్ల కొట్లాడుకునే ఈ రోజుల్ల, ఈయన ముచ్చట చెప్పాలనిపించింది నాకు.

1861ల నార్వేల, ఇప్పటి ఓస్లో పక్కన పుట్టిండు. చదివింది జంతుశాస్త్రం. నరాల మీద పరిశోధన చేసి 1888ల డాక్టరేట్ తీసుకున్నడు. అదే ఏడు ఐదుగురిని వెంటబెట్టుకొని గ్రీన్లాండ్ మంచును ఈ కొస నుంచి ఆ కొసకు దాటిండు. మనుషులుండే పడమటి దిక్కు నుంచి కాదు, ఎవ్వరూ లేని తూర్పు దిక్కు నుంచి బయలెల్లిండు. అంటే ఎనుకకు మళ్లే దారి లేకుంట తనే చేసుకున్నడు. 1893ల ఫ్రామ్ అనే ఓడను కావాలని మంచుల ఇరికించి, ఆ మంచుతోనే ఉత్తర ధ్రువం దిక్కు కొట్టుకపోయే ప్రయత్నం చేసిండు. ఓడ అటు పోతలేదని తెలిసి, ఒక్క తోడుతోని కుక్కల బండ్ల మీద నడిచి 1895ల 86 డిగ్రీల 14 నిమిషాల దాకా పోయిండు. అప్పటిదాక అంత పైకి పోయినోడు లేడు. ఆ చలికాలమంతా రాళ్ల గుడిసెల ఎలుగుబంటి మాంసం తిని బతికిండ్రు.

గంత పేరొచ్చినంక ఇంట్ల కూసున్నా అడిగేటోడు లేడు. కానీ మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయినంక, 1920ల నానాజాతి సమితి ఆయనకు ఒక పని అప్పజెప్పింది. యుద్ధంల పట్టుబడి పరాయి దేశాల ఉన్న ఖైదీలను ఇండ్లకు చేర్చాలె. రెండేండ్లల్ల 4 లక్షలకు పైన మందిని చేర్చిండు. ఆ పని నడుస్తుండంగనే 1921ల రష్యా శరణార్థుల బాధ్యత గూడ మీద పడ్డది.

ఇస్తాంబుల్, బెర్లిన్, పారిస్, ఎక్కడ జూసినా రష్యనోళ్లే. పాస్‌పోర్ట్ లేదు. లేకుంటే సరిహద్దు దాటనియ్యరు, ఉన్నకాడ పని దొరకది. ఎనుకకు తోలేద్దామంటే తీసుకునే దేశం లేదు కాబట్టి కొత్తగ ఎవ్వరూ రానియ్యరు. 1922 జూలైల జెనీవల దేశాలను కూసోబెట్టి నాన్సెన్ ఒక కాయితానికి ఒప్పించిండు. పేరు, పుట్టిన జాగ, చేసే పని రాసిన సర్టిఫికెట్ అది. నాన్సెన్ పాస్‌పోర్ట్ అని పేరు పడ్డది. మెల్లమెల్లగ 50కి పైన సర్కార్లు దాన్ని ఒప్పుకున్నయి. సంగీతకారుడు స్ట్రావిన్‌స్కీ, రచయిత నబకోవ్ ఆ కాయితం మీదనే తిరిగిండ్రు. అదే ఏడు నాన్సెన్‌కు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ పైసలు గూడ సాయం పనులకే పెట్టిండు.

నాకు అసలు ముచ్చట ఇక్కడ కనవడ్డది. ఆ కాయితం ఇచ్చే అధికారి ఏమడిగిండు? నువ్వు రష్యా మనిషివేనా, ఆ సర్కారు నిన్ను కాపాడుతలేదా, ఇంకో దేశం పౌరసత్వం తీసుకోలేదు కదా. అంతే. ఎందుకు పారిపోయినవ్, ఎవలు కొట్టిండ్రు, సాక్ష్యమేది అని అడగలే. 1924ల అర్మేనియన్లకు గూడ ఇదే పద్ధతి పెట్టిండ్రు.

ఇప్పుడు గట్ల లేదు. 1951 ఒప్పందం ప్రకారం జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయ అభిప్రాయం, వీటిల ఏదో ఒకదాని వల్ల తనను హింసిస్తరనే భయం ఉండాలె, ఆ భయానికి ఆధారం ఉండాలె. ఒక్కొక్క మనిషి ట్రిబ్యునల్ ముందట కూసుండి చెప్పాలె. మొదటి ఇంటర్వ్యూల చెప్పింది, తర్వాత చెప్పింది పక్కపక్కన పెట్టి చూస్తరు. ఆ దేశంల పరిస్థితి మీద రిపోర్టులు చూస్తరు, ఒంటి మీద మచ్చలకు డాక్టర్ కాయితం చూస్తరు. తారీఖు తారుమారైతే అబద్ధమాడుతున్నవ్ అనేదాక పోతది. నిజానికి చట్టం గంత కఠినంగ లేదు. నేరం కేసుల లెక్క పూర్తి రుజువు అక్కర్లేదు. పదిల ఒక వంతు ప్రమాదమున్నా ఆ భయం సరైనదే కావచ్చని 1987ల అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. నన్నడిగితే అదే న్యాయం. దెబ్బలు కొట్టినోని దగ్గరికి పోయి రసీదు తెచ్చుకునేటోడు ఎవడన్నా ఉంటడా?

అట్లని నాన్సెన్ పద్ధతిని నెత్తిన పెట్టుకోలేం. జాబితాల పేరున్న జాతికే కాయితం. 1933ల హిట్లర్ వచ్చినంక జర్మనీ నుంచి ఉరికిన యూదులు ఆ జాబితాల లేరు. ఇంకో సంగతి గూడ ఉన్నది. 1923ల గ్రీసు, టర్కీ జనాన్ని మార్చుకునే ఒప్పందానికి దారి ఏసినోళ్లల్ల నాన్సెన్ ఒకడు. మతం ఒక్కటే చూసి 10 లక్షలకు పైన మందిని పుట్టిన ఊర్లకెల్లి లేపిండ్రు. నీకు పోవాలనుందా అని మనిషిని అడిగినోడు లేడు. గుంపును చూసి కాయితం ఇచ్చిన చెయ్యే, గుంపును చూసి ఇల్లు గూడ ఖాళీ చేయించింది. ఒక్కొక్కరి మాట విడిగ వినాలనే పద్ధతికి గందుకే విలువ.

మన దేశం 1951 ఒప్పందం మీద సంతకం పెట్టలే, శరణార్థులకని ప్రత్యేక చట్టం గూడ లేదు. హైదరాబాద్ బాలాపూర్ల ఉంటున్న రోహింగ్యాలకు ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చే కార్డే దిక్కు. వాళ్ల మాట వినే ట్రిబ్యునల్ మన దగ్గర లేదు.

నాన్సెన్ 1930 మే 13న తన ఇంట్ల పానం విడిచిండు. 21 ఏండ్లకు ఆ 1951 ఒప్పందం రాసినోళ్లు, ఆయన కాలంల శరణార్థులుగ లెక్కకొచ్చినోళ్లను మొదటి ఆర్టికల్‌లనే శరణార్థులని ఒప్పుకున్నరు. భయాన్ని మళ్ల రుజువు చేయుమని వాళ్లను అడగలే.