హాన్స్ క్రిస్టియన్ గ్రామ్

రోగినుండి తీసిన కఫమునుగాని చీమునుగాని పరీక్షించునపుడు వైద్యశాలలలో చేయు మొదటి పనులలో గ్రామ్ పరీక్ష యొకటి. ఈ పేరునకును అంగడిలో తూకమునకు వాడు గ్రామునకును ఎట్టి సంబంధమును లేదు. ఇది డెన్మార్కు దేశీయుడైన యొక వైద్యుని పేరు.

హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1853వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన కోపెన్‌హాగన్ నగరమున జన్మించెను. ఆయన తండ్రి న్యాయశాస్త్రాచార్యుడు. కుమారుడు మాత్రము మొదట వృక్షశాస్త్రమునందు ఆసక్తి చూపెను. పిదప ఆయన మనస్సు వైద్యవిద్యవైపు మరలెను. 1878లో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొంది, కొంతకాలము ఎఱ్ఱ రక్తకణముల పరిమాణమును గూర్చి పరిశోధన చేసెను. ఇంకను నేర్చుకొనవలెనను కోరికతో 1883లో ఐరోపా దేశములలో సంచారమునకు బయలుదేరి, బెర్లిన్ నగరము చేరి, ఒక వైద్యశాలలోని కార్ల్ ఫ్రీడ్లాండర్ అను పండితుని ప్రయోగశాలలో పనిచేయసాగెను.

ఆ దినములలో న్యుమోనియా జ్వరము వేలకొలది ప్రజలను బలిగొనుచుండెను. దానికి తగిన మందు లేదు. అసలు దానిని కలిగించు సూక్ష్మజీవి యేదియో కూడ నిశ్చయముగా తెలియదు. ఫ్రీడ్లాండర్ ఒక బాక్టీరియమును చూపగా, ఫ్రెంకెల్ అను మఱియొక వైద్యుడు వేఱొక దానిని చూపెను. ఇరువురికిని వాదము ముదిరెను. ఇరువురి మాటయందును సత్యము కలదని తరువాత తేలినది. కాని అప్పుడు వాదము తీరు మార్గమేది? మరణించిన వారి ఊపిరితిత్తులనుండి పలుచని ముక్క కోసి రంగు వేసినచో, శరీర కణములును సూక్ష్మజీవులును ఒకే రంగు దాల్చి కలిసిపోవుచుండెను.

ఈ చిక్కును విడదీయ గ్రామ్ పూనుకొనెను. ఆయన ఆ ముక్కలకు మొదట జెన్షియన్ వయొలెట్ అను ఊదారంగు పట్టించెను. తరువాత అయొడిన్ ద్రావణములో ఉంచెను. పిమ్మట ఆల్కహాలుతో కడిగెను. శరీర కణముల రంగు వదలిపోయెను. వాని నడుమ సూక్ష్మజీవులు మాత్రము ముదురు ఊదారంగుతో స్పష్టముగా కనబడెను.

అయితే ఒక లోపము కనబడెను. టైఫాయిడు సూక్ష్మజీవులు మొదలగునవి శరీర కణములవలెనే రంగును విడిచివేయుచుండెను. గ్రామ్ దీనిని దాచలేదు. 1884లో తన పద్ధతిని ప్రకటించుచు, అది పరిపూర్ణమైనది కాదని తానే వ్రాసెను. ఇతరులకైనను ఉపయోగపడునేమో యని మాత్రము ఆశించెను. తన పనిలోని కొఱతను తానే చెప్పుకొను ధైర్యము అందఱికిని ఉండదు. తరువాతి వారు రంగు విడిచిన సూక్ష్మజీవులకు ఎఱ్ఱరంగు పట్టించు పద్ధతిని చేర్చిరి. ఊదారంగును నిలుపుకొనునవి గ్రామ్ పాజిటివ్ అనియు, విడుచునవి గ్రామ్ నెగెటివ్ అనియు ప్రసిద్ధి కెక్కెను.

గ్రామ్ లోపమని తలచినదే సూక్ష్మజీవుల నిర్మాణమునకు తాళపుచెవి యయ్యెను. రంగును నిలుపుకొను వానికి మందమైన గోడ కలదు. విడుచువాని గోడ పలుచన. కాని దానికి వెలుపల ఇంటికి ప్రహరివలె రెండవ పొర యొకటి కలదు. ఆల్కహాలు ఆ వెలిపొరను చెఱచును. పలుచని గోడ రంగును ఆపజాలదు.

ఆ వెలిపొర నిలుచు విధము విచిత్రమైనది. దానికి కావలసిన సామగ్రి యంతయు కణము లోపలనే తయారగును. దానిని వెలుపలికి చేర్చి అమర్చుట పొరలలోని మాంసకృత్తుల పని. వానిలో ఒక సముదాయము పీపాయివంటి మాంసకృత్తులను మడిచి వెలిపొరలో కూర్చును. మఱియొకటి లోపొరనుండి వెలిపొరకు వంతెనవలె నిలిచి, ఒక విధమైన క్రొవ్వును పైకి పంపును. చేరరాని చోట చేరిన క్రొవ్వును ఏఱి లోనికి మరలించు మాంసకృత్తులును కలవు. మొదటి రెండును పనిచేయనిచో సామాన్యముగా ఆ సూక్ష్మజీవి బ్రదుకజాలదు. పీపాయివంటి వానిలో కొన్నిటి నడుమనున్న సన్నని రంధ్రములగుండ ఆహారము లోనికి పోవును. పెక్కు మందులు మాత్రము వెలుపలనే నిలిచిపోవును. 1928లో ఫ్లెమింగ్ కనుగొనిన పెన్సిలిన్ గ్రామ్ నెగెటివ్ వానిలో పెక్కింటిపై పనిచేయకుండుటకు ఈ వెలిపొర యొక ముఖ్య కారణము. పీపాయిలను కూర్చు సముదాయమునే అడ్డగించు డారోబాక్టిన్ అను పదార్థమును శాస్త్రజ్ఞులు 2019లో ప్రకటించిరి.

ఇవి యేవియు ఎఱుగని కాలమున గ్రామ్ స్వదేశము చేరెను. 1891లో ఔషధశాస్త్రాచార్యుడుగను, 1900లో వైద్యశాస్త్రాచార్యుడుగను నియమింపబడెను. దేశపు ఔషధ సంహితను సవరించు సంఘమునకు 1901 మొదలు 1921 వఱకు అధ్యక్షుడై, వాడుకలో నిలిచిపోయిన నిరుపయోగములైన మందులను తొలగింప కృషిచేసెను. 1923లో పదవి విరమించి, 1938 నవంబరు 14వ తేదీన మరణించెను. ఆయన చూచిన రంగుమార్పునకు కారణమైన ఆ వెలిపొర ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి కనబడుటకు అప్పటికి ఇంకను కొన్ని సంవత్సరములు మిగిలియుండెను.