పూర్తి కథ ఎరిగిన పనివాడు
దోర్నకల్ బిషప్ అజరయ్యగారి జీవితము

ధ్యాన భాగములు: లూకా 24:13–35; నెహెమ్యా 8:1–8; అపొస్తలుల కార్యములు 8:26–40

మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతపు పల్లెలలో బుర్రకథ గాని వీధి భాగవతము గాని జరుగునప్పుడు, కథకుడు నడుమ నుండి ఎత్తుకొనిన యెడల పెద్దలు ఊరకుండరు. ఈ రాజు ఎవరి కుమారుడు, ఈ శాపము ఎట్లు వచ్చెను, కడకు ఏమాయెను అని అడుగుదురు. మొదలు తెలియని కథ వారికి కథయే కాదు. అట్టి ఊళ్లలో పుట్టి పెరిగిన మనము బైబిలు విషయములో మాత్రము తునకలతో తృప్తిపడుచున్నాము. దావీదు గొల్యాతును కొట్టిన సంగతి మనకు తెలియును. తప్పిపోయిన కుమారుని ఉపమానము తెలియును. ఇరువదిమూడవ కీర్తన కంఠస్థము. అయితే అబ్రాహామునకు వాగ్దానమేల ఇయ్యబడెను, యెరూషలేము ఏల కూలెను, ఆ రెంటికిని సిలువకును ఏమి సంబంధము అని ఎవరైన అడిగిన యెడల తడబడుదుము. విశ్వాసి తడబడిన యెడల నష్టము అతనిది. సేవకు సిద్ధపడుచున్న యౌవనుడు తడబడిన యెడల నష్టము సంఘమంతటిది.

కావున ఈ నెల మేము దోర్నకల్ బిషప్ వేదనాయకము శామ్యూలు అజరయ్యగారి జీవితమును పాఠకుల యెదుట ఉంచుచున్నాము. ఆయన మన సంఘ శాఖకు చెందినవాడు కాకపోయినను, మన తెలంగాణ నేలమీదనే పాటుపడి, ఈ నేలలోనే నిద్రించినవాడు. చదువురాని పల్లెలకు దేవుని వాక్యమును అందించుటకు పనివారిని ఎట్లు సిద్ధపరచవలెనను ప్రశ్న ఆయనను జీవితమంతయు వెంటాడెను. ఆ ప్రశ్న నేడు మనలను కూడ విడువలేదు.

అజరయ్యగారు 1874 ఆగష్టు 17వ తేదీన తిరునల్వేలి జిల్లాలోని వెళ్లాలన్‌విళై గ్రామములో జన్మించెను. తండ్రి థామస్ వేదనాయకముగారు ఆ ఊరి సంఘ గురువు. ఆ దంపతులు కుమారుని కొరకు చాల కాలము ప్రార్థించి, బిడ్డ కలిగినప్పుడు సమూయేలు పేరు పెట్టిరి. హన్నా కథ ఆ ఇంటివారికి తమ కథయే అయ్యెను. ఆయన బాలుడుగా నుండగానే తండ్రి మరణించెను. తల్లి ఎల్లెనమ్మగారు ప్రార్థనలోను వాక్యములోను ఆయనను పెంచెను. తరువాత ఆయన చెన్నపట్నములోని క్రైస్తవ కళాశాలలో చదివెను గాని పరీక్ష సమయమున జబ్బుపడుటచేత పట్టము పొందలేదు. ఆ పట్టము లేకుండుట ఆయన సేవకు అడ్డము కాలేదు. కడకు 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమే ఆయనకు గౌరవ పట్టము ఇచ్చెను.

1895 నుండి 1909 వరకు ఆయన వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణ దేశమంతట తిరిగెను. ఊరూర యౌవనులను కూర్చి బైబిలు తరగతులు నడిపెను. ఈ పదునాలుగేండ్లు ఆయనకు గొప్ప పాఠశాల అని మేము తలంచుచున్నాము. నిజముగా చదివించువాడు వినువానికంటె ఎక్కువ చదువవలసి వచ్చును. ప్రసంగము చేయువాడు ఒక వచనముతో గంట గడుపవచ్చును. తరగతి నడుపువాడు అట్లు తప్పించుకొనలేడు. యౌవనులు అడుగు ప్రశ్న ఆదికాండము నుండి వచ్చునో ప్రకటన గ్రంథము నుండి వచ్చునో అతనికి ముందుగా తెలియదు.

1898లో అంబు మరియమ్మాళ్‌గారిని ఆయన వివాహమాడెను. ఆమె ఆ కాలపు స్త్రీలలో అరుదుగా కళాశాల చదువు చదివినది. తరువాత దోర్నకల్‌లో స్త్రీల మధ్య జరిగిన పనికి ఆమె ఆధారమాయెను.

1902లో ఆయన యాఴ్పాణము వెళ్లగా, అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో ఇతర ప్రాంతములకు సువార్తికులను పంపుట చూచెను. తిరునల్వేలి సంఘము వారికంటె పెద్దది, పాతది. అయినను సువార్త పంపుట దొరల పనియనియు, పుచ్చుకొనుట తమ పనియనియు అచ్చటివారు చాలమంది తలంచుచుండిరి. ఈ భేదము ఆయన మనస్సును గుచ్చెను. మరుసటి సంవత్సరమే, అనగా 1903లో, తిరునల్వేలి క్రైస్తవుల ధనముతోను మనుష్యులతోను నడుచు ఇండియన్ మిషనెరీ సొసైటీ ఏర్పడెను. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపూరులో నేషనల్ మిషనెరీ సొసైటీ స్థాపింపబడెను. ఈ రెండింటికిని ఆయన ముఖ్య కారకుడు.

ఇచ్చట మనము కొంచెము ఆగి ఆలోచింపవలెను. అబ్రాహాము పిలువబడినది తాను ఆశీర్వాదము పొంది కూర్చుండుటకు మాత్రమే కాదు. భూమిమీది వంశములన్నియు అతని ద్వారా ఆశీర్వాదము పొందవలెనని అతడు పిలువబడెను. ఇశ్రాయేలు దానిని మరచినప్పుడెల్ల ప్రవక్తలు జ్ఞాపకము చేసిరి. యోనా దానిని ఎదిరించి పారిపోయెను. పెంతెకొస్తు దినమున ఆ వాగ్దానము అనేక భాషలలో నోరు తెరచెను. ఈ దారము ఆదికాండము పండ్రెండవ అధ్యాయము నుండి ప్రకటన గ్రంథము వరకు తెగకుండ సాగుచున్నది. తునకలు మాత్రమే చదివిన సంఘము తన ఆశీర్వాదములనే లెక్కించుకొనును. దారమును పట్టుకొనిన సంఘము పొరుగు ఊరిని చూచును.

ఆ పొరుగు ఊరు తిరునల్వేలివారికి దోర్నకల్ అయ్యెను. నిజాము రాజ్యములో, సింగరేణి బొగ్గు గనులకు పోవు రైలు దారి చీలుచోట నున్న చిన్న ఊరు అది. భాష వేరు, రాజ్యము వేరు, తిండి వేరు. 1909లో అజరయ్యగారు కార్యదర్శి పదవిని విడిచి, గురుత్వ దీక్ష పొంది, మిషనెరీగా అచ్చటికి వచ్చెను. ముప్పది అయిదేండ్ల వయస్సులో తెలుగు నేర్చుకొనెను. 1910లో ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనెరీ మహాసభలో ఆయన మాటలాడి, పాశ్చాత్య మిషనెరీలు ధనమును ప్రాణమును ఇచ్చినట్లే స్నేహమును కూడ ఇయ్యవలెనని కోరెను. సభలో అనేకులకు అది రుచింపలేదు గాని నేటికిని మరువబడలేదు. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రలులో ఆయనకు బిషప్ అభిషేకము జరిగెను. ఆంగ్లికన్ సంఘములో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనయే.

ఆయన చేతికి వచ్చిన అధ్యక్షఖండము మొదట చిన్నది. తరువాత కృష్ణా ప్రాంతపు సంఘములును దానిలో చేరినవి. మాలపల్లెల నుండి, మాదిగపల్లెల నుండి కుటుంబములకు కుటుంబములు సువార్తను అంగీకరించుచుండెను. ఆయన దినములు ముగియునప్పటికి విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటియుండెను. వీరిలో బహుజనులు అక్షరము రానివారు. పగలెల్ల పొలములో కూలి చేసి, చీకటిపడిన తరువాత దీపము చుట్టు చేరువారు. వారికి ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణము నేర్పి బాప్తిస్మమునకు సిద్ధపరచువాడు ఎవడు? ఆ పల్లెలోనే కాపురముండు పంతులు. సంఘము నిలుచునో కూలునో ఆ పంతులునుబట్టియే యుండెను.

కావున అజరయ్యగారు తన బలములో ఎక్కువ భాగము పనివారిని సిద్ధపరచుటకే వెచ్చించెను. దోర్నకల్‌లో ఉపదేశకులకును గురువులకును తర్ఫీదు జరిగెను. భర్త ఒక్కడే కాదు, భార్య కూడ చదువు నేర్చుకొనవలసియుండెను. పల్లె స్త్రీలకు బోధించునది ఆమెయే గదా. గురువులను ఆయన సమకూర్చి వాక్యధ్యానములు నడిపించుచుండెను. తెలుగు కీర్తనలను, మన రాగములను, కాలక్షేపమును, నాటకమును ప్రోత్సహించెను. చదువురానివాడు వచన సంఖ్యను మరచిపోవును గాని పాటలో విన్న కథను మరువడని ఎరిగినవాడు ఆయన.

ఈ పని ఎంత అవసరమైనదో 1930ల వాదములు చూపినవి. బీదలైన హరిజనులు వేదాంతము తెలిసి మతము మారుచున్నారా అని మహాత్మా గాంధీగారు బహిరంగముగా ప్రశ్నించిరి. అజరయ్యగారు ఆ మాటను అంగీకరింపలేదు. బీదవానికిని తన ఆత్మ విషయమై తీర్మానించుకొను హక్కు కలదని ఆయన నమ్మెను. అయితే అట్టి ప్రశ్నకు వాదము కంటె గట్టి జవాబు ఒకటి కలదు. అది తాను నమ్మిన దానిని మొదటినుండి చెప్పగల విశ్వాసి. అట్టి విశ్వాసిని తయారుచేయుటకు అట్టి పంతులు కావలెను.

ఇచ్చటనే కథ యొక్క వరుస ముఖ్యమగుచున్నది. వెట్టిచాకిరిలో నలిగినవానికి నిర్గమకాండము చెప్పగానే అర్థమగును. ఇటుకలు చేయు దాసుల మొర దేవుడు వినెను, వారిని విడిపించెను. కాని ఎఱ్ఱ సముద్రము ఒడ్డున కథ ఆపిన బోధకుడు, దేవుడు కష్టము తీర్చువాడు మాత్రమే అని నేర్పును. కష్టము తీరని దినమున ఆ విశ్వాసి తిరిగిపోవును. మరియొకడు సీనాయి కొండ యొద్దనే మొదలుపెట్టును. వానికి భక్తి యనగా విధుల పట్టీ. రెంటిని వరుసగా ఎరిగినవాడు మాత్రమే, దేవుడు ముందు విడిపించి తరువాత ఆజ్ఞ ఇచ్చెనని చెప్పగలడు. దోర్నకల్ సంఘములలో మద్యము, అప్పు, మురికి, రోగము అను నాలుగు శత్రువులతో అజరయ్యగారు కఠినముగా పోరాడెను. అది రక్షణకు వెల చెల్లించుట కాదు. విడుదల పొందిన జనము నడువవలసిన నడత. అంతటితో ఆయన ఆగలేదు. బాప్తిస్మము పొందిన ప్రతివాడును సువార్త ప్రకటించుటకు బాధ్యుడని నేర్పి, ఏటేట సాక్ష్య వారములో పల్లె క్రైస్తవులందరిని పొరుగువారి యొద్దకు పంపెను. నిన్న మొన్న విన్న కూలివాడు నేడు చెప్పువాడాయెను. విడుదల, ఆజ్ఞ, సాక్ష్యము అను ఈ మూడును ఆ క్రమములోనే బైబిలులో నున్నవి.

1939 జనవరి 6వ తేదీన దోర్నకల్ ఎపిఫనీ కథీడ్రలు ప్రతిష్ఠింపబడెను. దేవాలయ స్తంభముల పోలికయు, మసీదు గుమ్మటముల పోలికయు ఒక కప్పు క్రింద చేర్చి కట్టిన మందిరము అది. అన్ని జనములు తమ మహిమను తెచ్చు పట్టణమును గూర్చి ప్రకటన గ్రంథములో చదువునప్పుడు ఆ మందిరము మాకు జ్ఞాపకము వచ్చును. సంఘముల ఐక్యత కొరకు 1919 తరంగంబాడి సభ నుండి ఆయన ప్రయాసపడెను గాని, 1947 సెప్టెంబరు 27వ తేదీన దక్షిణ ఇండియా సంఘము ఏర్పడుట ఆయన కండ్ల చూడలేదు. 1945 జనవరి 1వ తేదీన దోర్నకల్‌లో ఆయన కన్నుమూసెను. మోషే నెబో కొండనుండి చూచి ఆగినట్లు ఆయనయు ఆగెను. కథ తనతో మొదలు కాలేదనియు తనతో ముగియదనియు ఎరిగిన పనివానికి అది ఓటమి కాదు.

ఇదే అవసరమును మన ప్రాంతపు పెద్దలును గుర్తించిరి. 1899లో అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ మిషనెరీలు హైదరాబాదు రాజ్యమునకు వచ్చిరి. కాలక్రమమున నాగర్‌కర్నూలును వనపర్తియు వారి కేంద్రములాయెను. మొదట అమెరికన్ బాప్తిస్టుల చేతిలోనున్న గద్వాలయు తరువాత వారికి చేరెను. బడి, ఆసుపత్రి, మందిరములతో పాటు బైబిలు పాఠశాల కూడ నాగర్‌కర్నూలులో తెరువబడి, తరువాత శంషాబాదునకు మారెను. ఇప్పుడు ఈ మూడు పట్టణములును మూడు జిల్లాలకు కేంద్రములు. చదువు పెరిగినది, బైబిలు ప్రతి చేతిలో నున్నది. కాని చేతిలో నున్న గ్రంథము మనస్సులో ఒకే కథగా నున్నదా?

ఎమ్మాయు మార్గమున నడిచిన ఆ యిద్దరు శిష్యులకు వచనములు తెలియకపోలేదు. వాటిని కలుపు దారము తెలియలేదు. పునరుత్థానుడైన ప్రభువు వారికి వెంటనే తన్ను చూపుకొనక, మోషే గ్రంథము నుండి ఆరంభించి దారి పొడుగున లేఖనములను విప్పి చెప్పెను. తొందరగల దినమున ప్రభువే అంత ఓపిక పట్టిన యెడల, సేవకు సిద్ధపడు మనము ఎంతమాత్రము తొందరపడవలెను?

సేవకు పిలుపు కలదని తలంచు యౌవనులకు మా మనవి ఇది. ప్రసంగముల పుస్తకము కొనుటకు ముందు ఆదికాండము నుండి ప్రకటన వరకు ఒకసారి వరుసగా చదువుడి. ప్రతి పుస్తకము ముగిసినప్పుడు, ముందటి పుస్తకమునుండి కథ ఎంత దూరము నడిచినదో నాలుగు మాటలలో వ్రాసికొనుడి. అర్థము కాని అధ్యాయమును విడిచిపెట్టక గుర్తుపెట్టి, పాస్టరుగారిని అడుగుడి. అంతయు ముగించిన తరువాత, మీ యింటిలో చదువురాని అవ్వను కూర్చుండబెట్టి, ఒక రాత్రిలో ఆ కథను మొదటినుండి తుదివరకు చెప్పుడి. ఆమె నడుమ అడుగు ప్రశ్నలే మీకు నిజమైన పరీక్ష. ఆమెకు అర్థమైన యెడల మీరు పల్లెకు పోవుటకు సిద్ధపడుచున్నారు.

ధ్యానమునకు ప్రశ్నలు:
1. అబ్రాహాము పిలుపునకును మన సంఘము చేయు సువార్త పనికిని సంబంధమేమి?
2. మన ఆదివారపు బడిలో పిల్లలు నేర్చుకొను కథలు ఒకదానితో ఒకటి కలియుచున్నవా?
3. విడుదల, ఆజ్ఞ, సాక్ష్యము అను వాటిలో మన బోధ దేనియొద్ద ఆగిపోవుచున్నది?

ప్రార్థన: ప్రభువా, ఎమ్మాయు మార్గమున నీ శిష్యులకు లేఖనములు తెరచినట్లు మాకును తెరువుము. మా పల్లెలకు నీ కథను పూర్తిగా ఎరిగిన పనివారిని పంపుము. ఆమేన్.