పులుల కంటబడని వేటగాడు

హిమాలయముల దిగువను కుమాయూను అను కొండసీమ కలదు. ఆ సీమలో సరస్సు నానుకొనియున్న అందమైన పట్టణము నైనితాలు. 1875వ సంవత్సరము జూలై 25వ తేదీన ఎడ్వర్డు జేమ్సు కార్బెట్టు అచ్చట జన్మించెను. లోకము అతనిని జిమ్ కార్బెట్టని యెఱుగును. పల్లెవాసులు మాత్రము నోరు తిరుగక కార్పెట్ సాహెబని పిలిచెడివారు. తండ్రి ఆ యూరి పోస్టుమాస్టరు. సంతానము మెండు, ఆదాయము కొంచెము. జిమ్ము పసివాడై యుండగనే తండ్రి గతించుటచే సంసారభారమంతయు తల్లిపై బడెను.

చలికాలమున ఆ కుటుంబము కొండ దిగి కాలాధుంగి అను పల్లెలో కాపురముండెడిది. ఇంటి ప్రక్కనే అడవి. బాలుడు మొదట ఉండేలుతోను, పిదప ఒక పాత తుపాకితోను అందు తిరుగుచుండెను. జింక యెందులకు బెదరి కూయునో, కొండముచ్చు దేనిని చూచి యరచునో, ఇసుకపై నున్న అడుగుజాడ ఎంతసేపటి క్రిందటిదో అతడు బడిలో నేర్వలేదు, అడవిలోనే నేర్చెను.

చదువు సాగించుటకు ధనము లేకపోయెను. పదునెనిమిదేండ్ల ప్రాయమున అతడు రైల్వేలో చేరి, ఇంజనులకు వలయు కట్టెలు కొట్టించు పని చేసెను. తరువాత బీహారులో గంగానది యొడ్డున మొకామా ఘాట్ అనుచోట సరకులు మార్పించు కంట్రాక్టు దొరకెను. ఆ కాలమున అచ్చట గంగపై వంతెన లేదు. ఒక గట్టున బ్రాడ్‌గేజి, రెండవ గట్టున మీటరుగేజి. ఒక దరి బండ్లలో వచ్చిన సరకునంతయు కూలీలు దింపి, నది దాటించి, ఆవలి దరి బండ్ల కెక్కింపవలెను. మొదటి మూడు మాసములు కంపెనీ సొమ్ము చేతికి రాలేదు. కూలీలు ఒంటిపూట తిండితో పనిచేసిరి. కంట్రాక్టరు కూడ వారితోపాటు బస్తాలు మోసెను, బొగ్గు నెత్తెను. ఆ పని నతడు ఇరువది యేండ్లకు పైగా చేసెను. కార్బెట్టును వేటగానిగా మాత్రమే యెఱిగినవారు ఈ భాగమును దాటవేయుదురు. అతనికి జీతమిచ్చినది అడవి కాదు, గంగ యొడ్డున బస్తాల బరువు. మొదటి ప్రపంచ యుద్ధకాలమున అతడు కుమాయూను మనుష్యులను వెంటబెట్టుకొని ఫ్రాన్సునకు పోయివచ్చెను. నైనితాలులో ఇండ్ల వ్యవహారములు చూచు సంస్థయు, ఇనుపసామాను వ్యాపారమును నడపెను.

ఈ పనుల నడుమ సెలవు దొరకినప్పుడు అతడు నరభక్షక మృగముల వేటకు పోయెడివాడు. చంపావతు ఆడుపులి 436 మందిని పొట్టను బెట్టుకొనెను. 1907లో దానిని చంపుమని ప్రభుత్వము కోరగా, ప్రకటించిన బహుమానమును రద్దుచేసినగాని తాను రానని అతడు నియమము పెట్టెను. పులి కూలిన పిదప దాని నోరు తెఱచి చూచెను. కుడివైపు కోఱలు రెండును విఱిగియుండెను. అది పాత తుపాకిదెబ్బ. ఎవడో వేటగాడు గుఱితప్పి కాల్చుటచే ఆ పులి తన సహజమైన ఆహారమును చంపజాలక మనుష్యుల మీదికి వచ్చినది. ఒక్కని తుపాకి చేసిన తప్పునకు ఇన్ని గ్రామములు ఏడ్చినవి! పులి పుట్టుకతో మనుష్యుని శత్రువు కాదని కార్బెట్టు పలుమారు వ్రాసెను. గాయము, ఏదుపంది ముండ్లు, ముసలితనము, ఇవియే దానిని నరభక్షకి నొనర్చునని అతని అనుభవము.

ఏబది యేండ్లు దాటిన తరువాత అతని చేతిలోనికి వేఱొక సాధనము వచ్చెను. ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ అను అటవీశాఖాధికారి పులులు నడచు త్రోవలో సన్నని తీగ కట్టి, అది తగులగానే వెలుగు మెఱసి బొమ్మ పడునట్లు కెమెరా నమర్చెడివాడు. ఆ చిత్రములతో 1927లో అతడొక గ్రంథమును ప్రకటించెను. వానిని చూచి కార్బెట్టు ముగ్ధుడయ్యెను. స్ట్రాత్‌కోనా ప్రభువు అతనికి పదునాఱు మిల్లీమీటర్ల చలనచిత్ర యంత్రము నొకదానిని కానుకగా నిచ్చెను. పదియేండ్లు దానిని మోసికొని అడవులు తిరిగినను మనసునకు నచ్చిన చిత్రములు దొరకుట అరుదయ్యెను. తుపాకికి ఒక్క క్షణము చాలును. ఈ యంత్రమునకు వెలుతురు కావలెను, అడ్డు లేని చోటు కావలెను, పైగా అది తిరుగునప్పుడు చప్పుడు చేయును. పులి చెవి సామాన్యమైనదా?

1938లో, తన అఱువది మూడవ యేట, అతడు దీనికొక ఉపాయము పన్నెను. ఏబది గజముల వెడల్పు గల యొక బయలు లోయను ఎన్నుకొనెను. రెండు ప్రక్కల దట్టమైన పొదలు, నడుమ సన్నని వాగు. ఆ వాగునకు అచ్చటచ్చట అడ్డుకట్టలు వేసి, కొలదియంగుళముల యెత్తు గల జలపాతములను కల్పించెను. నీరు పడు సవ్వడిలో యంత్రపు చప్పుడు కలసిపోవును. పిదప మూడు వేఱువేఱు తావులలో నున్న ఏడు పులులను కొద్దికొద్దిగా ఆ చోటికి రప్పించెను. ఒక ఆడుపులి మఱునాడే వెడలిపోయెను. తక్కిన యాఱును నిలచినవి.

పట్టపగలు పులికి పది యడుగుల దూరమునకు ప్రాకిపోవుట యెవ్వరి తరము కాదు. కావున అతడు తెల్లవాఱకమునుపే, మంచుకు తడిసిన ఆకులు చప్పుడు చేయనివేళ, మెల్లగా పోయి పొంచియుండెడివాడు. వెలుతురు వచ్చువఱకు కదలరాదు. నలువది నిమిషముల పాఠములో కదలక కూర్చుండుట ఎంత కష్టమో విద్యార్థులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. అతడట్లు నాలుగున్నర మాసములు గడపెను. ఆ యేటి చలికాలమున వానలు మిక్కుటము. అద్దముపై తేమ చేరియు, తొందరలో ఫిల్ము సరిగా చుట్టకపోవుటచేతను, వేయి యడుగుల ఫిల్ములో కొన్ని వందల యడుగులు పాడయ్యెను. మిగిలినది సుమారు ఆఱువందల యడుగులు. అందు నాలుగు మగపులులు, రెండు ఆడుపులులు, వానిలో నొకటి తెల్లపులి, పది మొదలు అఱువది యడుగుల దూరమున పగటివెలుతురులో కానవచ్చుచుండెను. ఆ మాసములలో ఒక్క పులియైనను అతనిని చూడలేదు.

అతడు తుపాకిని పూర్తిగా విడిచెనని చెప్పుట సత్యము కాదు. ఆ 1938వ సంవత్సరము నవంబరులోనే థాక్ గ్రామస్థుల ప్రాణరక్షణకై ఒక నరభక్షకిని చంపెను. అదియే అతని చివరి నరభక్షకి వేట. కాని వినోదమునకై పులిని చంపుటకంటె దాని చిత్రమును తీయుటయే మిక్కిలి యానందకరమని, పులుల సంఖ్య వేగముగా తగ్గుచున్నదని 1944లో వెలువడిన తన గ్రంథమున అతడు ఘంటాపథముగా చెప్పెను. పాఠశాలలకు పోయి పిల్లలకు అడవినిగూర్చి బోధించెడివాడు. 1936లో భారతదేశమున మొట్టమొదటిదైన హైలీ జాతీయవనము ఏర్పడుటకు తోడ్పడెను.

1947లో కార్బెట్టు తన సోదరి మాగీతో కూడ కెన్యాకు తరలిపోయి న్యెరి పట్టణమున స్థిరపడెను. 1955 ఏప్రిల్ 19వ తేదీన అచ్చటనే మరణించెను. తరువాత హైలీ వనమునకు అతని పేరు పెట్టబడెను. 1973 ఏప్రిల్ 1వ తేదీన పులుల సంరక్షణ పథకము ఆ వనముననే ఆరంభమయ్యెను. కాలాధుంగిలో అతడు నివసించిన యిల్లు ప్రదర్శనశాలయై నిలచియున్నది.