కొట్టివేతల్లో పుట్టిన బొమ్మలు

విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు వినని విద్యార్థి ఉండరు. జాతీయగీత రచయితగా, 1913లో నోబెల్ బహుమతి అందుకున్న కవిగా ఆయన మనందరికీ పాఠ్యపుస్తకాల్లోనే పరిచయం. 1919లో మదనపల్లెకు వచ్చి, అక్కడే జనగణమనను ఆంగ్లంలోకి అనువదించారని కూడా చదువుకున్నాం. కానీ అరవై ఏళ్లు దాటాక ఆయన చిత్రకారుడయ్యారన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. బొమ్మలు వేయాలని ఆశ ఉన్నా, రంగుల పెట్టె కొనలేకనో, కొన్న డ్రాయింగ్ షీటు పాడవుతుందనే భయంతోనో ఆగిపోయే తమ్ముళ్లు, చెల్లెళ్లు మన హాస్టళ్లలో ఎందరో ఉన్నారు. వారి కోసమే ఈ వార్షికోత్సవ సంచికలో ఆ కథ చెప్పాలనుకున్నాం.

రవీంద్రుడు 1861 మే 7న కలకత్తాలోని జోరాసంకో భవనంలో, జమీందారీ కుటుంబంలో జన్మించారు. చిన్నతనంలో డ్రాయింగ్ మాస్టారు ఇంటికే వచ్చి నేర్పేవారు. అయినా బొమ్మల్లో చెయ్యి తిరగలేదు. నలభయ్యో ఏడు దగ్గరపడుతుండగా, 1900లో మళ్లీ స్కెచ్ పుస్తకం పట్టారు. పెన్సిలు కంటే రబ్బరుకే ఎక్కువ పని చెబుతున్నానని మిత్రుడు, శాస్త్రవేత్త జగదీశ్ చంద్రబోసుకు ఉత్తరం రాసి తన మీద తానే నవ్వుకున్నారు.

చివరికి ఆయనకు దారి చూపింది రాతపనే. కవితలు రాసేటప్పుడు నచ్చని మాటలను సిరాతో కొట్టివేసేవారు. ఆ కొట్టివేతలు కాగితం మీద వికారంగా కనిపించేవి. వాటిని గీతలతో కలిపి పక్షిగానో, వింత జంతువుగానో, మనిషి ముఖంగానో మార్చేవారు. 1924లో అర్జెంటీనాలో జబ్బుపడి విశ్రాంతి తీసుకుంటూ, తరువాత పూరబి సంపుటిలో చేరిన కవితలు రాస్తున్నప్పుడు ఈ ఆట బాగా పెరిగింది. ఆయనకు ఆతిథ్యమిచ్చిన రచయిత్రి విక్టోరియా ఒకాంపో ఆ రాతప్రతిలోని బొమ్మలు చూసి ముగ్ధురాలయ్యారు.

ఇక్కడే అసలు విషయం ఉంది. పెన్సిలు గీత చెరుగుతుంది కాబట్టి, సరిగ్గా రాలేదని చెరుపుతూనే ఉంటాం. సిరా గీత చెరగదు. పడిన గీతను ఒప్పుకొని, దానితోనే ఏదో ఒకటి చేయాలి. అలా పడ్డ గీతలన్నీ రవీంద్రునికి ఆటవస్తువులయ్యాయి.

తరువాత విడిగా కాగితాల మీద బొమ్మలు వేయసాగారు. తైలవర్ణాల జోలికి దాదాపుగా పోలేదు. ఫౌంటెన్ పెన్నులో పోసే రంగు సిరాలే ఆయన రంగులు. కుంచె ఉంటే కుంచె, లేకుంటే గుడ్డపేలిక, వేలికొన. పూలరేకుల రసం కూడా వాడారు. చాలా బొమ్మలు ఒక్క కూర్చోవడంలోనే పూర్తయ్యేవి. 1930 మేలో పారిస్‌లో ఒకాంపో సాయంతో తొలి ప్రదర్శన జరిగింది. అదే ఏడాది ఇంగ్లండు, జర్మనీ, రష్యా, అమెరికాల్లోనూ ఆ బొమ్మలను ప్రదర్శించారు. 1941 ఆగస్టు 7న కన్నుమూసే నాటికి ఆయన వేసిన చిత్రాలు 2000 పైమాటే.

ఖరీదైన రంగులు కొనే స్తోమత ఆయనకుంది. మనకు లేదు. ఆయన ఇష్టపడి ఎంచుకున్నవే మనకు అవసరంకొద్దీ చేతిలో ఉన్నాయి, అంతే తేడా. అయిపోయిన రఫ్ నోట్సు, ఒకవైపు ఖాళీగా ఉన్న పాత ప్రశ్నపత్రం, బాల్‌పెన్ను, కాస్త సిరా, పాత గుడ్డముక్క చాలు. పాడైతే పోయేదేమీ లేని కాగితం మీద చెయ్యి స్వేచ్ఛగా తిరుగుతుంది. సైన్సు రికార్డుకు మాత్రం పెన్సిలు, రబ్బరు తప్పవు!

మిత్రులారా, ఈ ఆదివారం రబ్బరును ట్రంకు పెట్టెలో పెట్టి, పెన్నుతో ఒక గీత గీయండి. అది ఏ పిట్టగా మారుతుందో చూడండి. వచ్చే సంచిక ముఖచిత్రం మీలో ఒకరిది కావాలని మనసారా కోరుకుంటున్నాం.